పగలని గాజు వెనక

గాజు పగల్లేదు, దాని వెనకున్న గోడ పగిలింది.

జాయిస్ మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూసింది. కిటికీ కింది మూలలో వెంట్రుకలా మొదలైన బీట జానెడు దిగేసరికి అగ్గిపుల్ల దూరేంత వెడల్పయింది. అక్కడ గోడకి అడ్డంగా అంటించిన గాజుపలక కిందకి పోయి, అవతలి అంచున మళ్ళీ బయటికొచ్చి, నేలదాకా దిగిపోయింది. పైన బీట, కింద బీట. మధ్యలో గీతైనా పడని గాజు.

అలా జరగడానికి వీల్లేదు. లేచి పక్కింటికి వెళ్ళి చూసింది. అక్కడా అంతే. ఆ పక్కింట్లోనూ అంతే. వెనక్కి వచ్చి మొదటి గోడ ముందే కూలబడింది.

ఈ చివరి వరసకి వచ్చేదాకా ఆ ఉదయమంతా ఆమెకి పండగలాగే గడిచింది. కథ ఎక్కడ ఆగిందో మరిచినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. నందిగామలో పాలిటెక్నిక్ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన ఇశ్రాయేలు మాస్టారి పేరు ఈ ఏడు జాతీయ ఇంజినీరింగ్ పురస్కారానికి ఆఖరి వడపోతలో నిలిచింది. ఇంజినీరుగా పుట్టినవాడు దేశంలో అంతకు మించి కోరుకునే గౌరవం లేదు. ఢిల్లీలో కూర్చున్న నిర్ణేతలకి ఇక అందాల్సింది ఒక్కటే. జగ్గయ్యపేట శివార్లలో, ముక్త్యాల రోడ్డు పక్కన, మాస్టారి పద్ధతిలో కట్టిన బెతనీ కాలనీ ఇళ్ళు మూడేళ్ళ వానలకీ ఎండలకీ కదలకుండా నిలిచాయన్న రిపోర్టు. దాని మీద సంతకం పెట్టాల్సింది జాయిస్. ఆమె ఇప్పుడు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు. మాస్టారి శిష్యురాలన్న సంగతి నిర్ణేతలకి తెలుసు; మాస్టారే ముందుగా రాసి పంపారు. అయినా గాజుపలకలు అంటించిన చెయ్యే వాటిని ఆఖరిసారి చూడాలని వాళ్ళు పట్టుబట్టారు. గడువు ఈ సాయంత్రం.

మాస్టారు కనిపెట్టింది వినడానికి చిన్న సంగతే. ఈ మెట్ట ప్రాంతమంతా నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పత్తికీ మిరపకీ అది కన్నతల్లి. ఇంటికి మాత్రం సవతితల్లి. దాని మీద కట్టిన పేదవాడి ఇల్లు పట్టుమని పదేళ్ళు నిలవదు. సిమెంటు బట్టీల పొగగొట్టాల దగ్గర పేరుకునే పిండిలాంటి దుమ్ముని, ఎవరికీ అక్కర్లేనిదాన్ని, మాస్టారు రేగడిలో కలిపి, తడిపి, దిమ్మిస కొట్టించి పునాది కింద పరుపులా వేయించారు. ఆరేసరికి ఆ మట్టి పొంగడం, కుంగడం మరిచిపోయింది. జనం దానికి ‘దుమ్ము పునాది’ అని పేరు పెట్టారు, ఆయనకి ‘దుమ్ము మాస్టారు’ అని. మొదట వెక్కిరింతకే అన్నారు. పోనుపోను అదే బిరుదైంది. పురస్కారం వస్తే చుట్టుపక్కల మండలాల్లో పేదల ఇళ్ళన్నీ ఈ పునాది మీదే లేస్తాయని పైనుంచి మాట వచ్చింది.

ఇప్పుడు చివరి వరసలో గోడలు పగిలాయి. అంతకంటే ఘోరం, పగల్లేదని గాజులు అబద్ధమాడుతున్నాయి.

గాజుకి సాగడం తెలీదు. వెనకున్న గోడ వెంట్రుకవాసి కదిలినా పుటుక్కున విరుగుతుంది. అందుకే గోడ నిలకడగా ఉందో లేదో తెలుసుకోవాలంటే దానికో గాజుముక్క అంటించి, మీద తేదీ వేసి వెళ్ళిపోవడం పాతకాలం ఇంజినీర్ల పద్ధతి. మాస్టారు వాటిని ‘సాక్షులు’ అనేవారు. లంచం పట్టని సాక్షులు, కోర్టుకి వచ్చి మాట మార్చని సాక్షులు అని క్లాసులో నవ్వించేవారు. కాలనీ ఆడవాళ్ళ హాస్యం ఇంకో రకం. మూడేళ్ళ కిందట జాయిస్ ఇంటింటికీ తిరిగి పలకలు అంటిస్తుంటే, మా చేతులు బోసిగా ఉంటే లేదుగానీ గోడలకి గాజులు తొడుగుతున్నారే అని దేవమణి పిన్ని దెప్పింది. పగలకుండా చూసుకో పిన్నీ అని జాయిస్ అంటే, గాజులు పగలటమేంటే, నోరు కడుక్కో అని కసిరింది కూడా. ఇప్పుడు జాయిస్ ముందున్న గోడ ఆ దేవమణి పిన్నిదే.

జాయిస్ ముందు ఫొటోలు తీసింది. తరవాత సంచిలోంచి చిన్న చాకు తీసి, పలక అంచు కింద దూర్చి లేపింది. పలక ఊడి అరచేతిలో పడింది. దాని కింద గోడ నడుమ బూడిదరంగులో, చుట్టూ వేలెడు మందాన తెల్లగా ఉంది.

ఆ తెలుపు అక్కడ ఉండకూడదు. ఆమె పలకలు అంటించింది అప్పుడే పూసిన సిమెంటు గోడకి. కింద అంచుదాకా బూడిదరంగే ఉండాలి. క్రిస్మస్ ముందు బెతనీ కాలనీలో సున్నం పడని వస్తువు ఉండదు. గోడకి, అరుగుకి, వేపచెట్టు మొదలుకి, కరెంటు మీటరు పెట్టెకి, తప్పుకోవడం ఆలస్యమైతే కోడికి కూడా పడుతుంది. కుంచె పట్టినవాడు గాజుపలక వచ్చిందని ఆగడు. మొదటి మూడు వరసల్లో ప్రతి పలక అంచునా సున్నం చారలు ఎండి ఉన్నాయి. ఇక్కడ చారల్లేవు. పొరమీద పొరగా సున్నం గాజు అంచుల కిందే ఉంది.

అంటే నిజం చెప్పిన సాక్షిని ఎవరో తీసేశారు. క్రిస్మస్ వెళ్ళాక, ఎండలు ముదిరాక, అదే చోట ఇంకాస్త పెద్ద గాజుతో దొంగసాక్షిని నిలబెట్టారు.

ముందుగా గుర్తొచ్చిన పేరు సతీష్‌బాబు. భూములున్న కుటుంబం, నందిగామలో బిల్డరు, మాస్టారి పేరు ఢిల్లీకి పంపించడంలో అటూ ఇటూ తిరిగినవాడు. ఇళ్ళ పని వస్తే తనకే వస్తుందని ఆశ. అవార్డు రాకముందే నందిగామ బస్టాండు ఎదుట మాస్టారి ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. మాస్టారి ఫొటో కంటే పక్కన తన ఫొటో పెద్దది. జాయిస్ ఫోన్ చేసి, చుట్టు తిప్పకుండా, చివరి వరసకి ఎప్పుడైనా వచ్చారా అని అడిగింది. రిపోర్టు పోయిందా లేదా అని ఆయన ఎదురడిగాడు. మళ్ళీ అడిగితే, గాజులు గోడకి వేశారుగానీ మీ చేతికి కాదు గదండీ, ఎందుకంత కంగారు అని నవ్వాడు. ఆ నవ్వులో తొట్రుపాటు లేదు. అదే ఆమెని ఇంకా తికమక పెట్టింది.

ఫోన్ పెట్టేసి పలకని ఎండలోకి పట్టుకుంది. తేదీ సరిగ్గానే ఉంది, తను వేసిన తేదీయే. అంకెల ఒంపు కూడా తనదిలాగే దిద్దారు. అయితే ఆ ఎరుపులో సన్నటి మెరుపులున్నాయి. తను వాడింది తలుపులకి వేసే ఎర్ర రంగు, అందులో మెరుపులుండవు. గోరుతో గీకితే పొరలా లేచి వచ్చింది.

అప్పుడే ఇంట్లోంచి సూసన్ మజ్జిగ గ్లాసు తెచ్చింది. రత్నబాబు, దేవమణి దంపతుల కోడలు. కాపరానికి వచ్చి ఏడాదైనా కాలేదు. “ఎండన పడి కూర్చున్నావేంటి వదినా, లోపలికి రా” అంటూ గ్లాసు అందించింది. ఆ వేళ్ళ గోళ్ళు ఎర్రగా, సన్నటి మెరుపులతో ఉన్నాయి.

జాయిస్ గ్లాసు అందుకోలేదు. గోళ్ళకేసి చూసింది, చేతిలో పలకకేసి చూసింది. సూసన్ చూపు కూడా ఆ దారినే వెళ్ళింది. గ్లాసు అరుగు మీద పెట్టి, వేళ్ళు కొంగులో చుట్టుకుంది.

గుమ్మంలోంచి దేవమణి పలికింది. “ఏంటమ్మాయ్, కోడలు గోళ్ళకి రంగేసుకుందని పాస్టరమ్మకి చెబుతావా? ఈ కాలం పిల్లలు, వేసుకుంటారు.”

“గోళ్ళకి వేసుకుంటే ఎవరేమంటారు పిన్నీ. గాజుకి ఎందుకేసింది?”

 దేవమణి కొంగుతో ముఖం తుడుచుకుని, మీ బాబాయి అన్నానికి వస్తాడు, ఆయన్నడుగు అని లోపలికి పోయింది.

జాయిస్ అరుగు మీద కూర్చుంది. ఎదురుగా పత్తి పీకేసిన చేలు, అరికాలు దిగేంత నెర్రెలు విచ్చుకుని ఉన్నాయి. ఆమెది నందిగామ ఊరి చివరి పేట. అమ్మ మిరప కోతలకి ఇటువైపు వచ్చేది. చదువు ఆపేద్దామనుకున్న ఏడు మాస్టారు ఇంటికొచ్చి, నాన్న ఎదుట కుర్చీ వేసినా కూర్చోకుండా, పిల్లని పంపుతావా లేక నేను ఇక్కడే నిలబడాలా అని అడిగారు. ఆ మనిషి తలరాత ఈ సాయంత్రం తన సంతకం మీద ఉంది. గాజులు పగల్లేదని రాస్తే అబద్ధం. గోడలు పగిలాయని రాస్తే ఆయన జీవితకాలం పని అబద్ధం.

ఫోన్ మోగింది. మాస్టారే.

“సాక్షులు ఎట్టా ఉన్నారమ్మా?” అని అడిగి, ఆమె నోరు తెరిచేలోగా ఆయనే ఆపేశారు. “వద్దు, చెప్పకు. అడక్కూడదు నేను. అలవాటు చొప్పున అడిగా.” మళ్ళీ క్లాసులో చెప్పినట్టే నిదానంగా అన్నారు. “నాకు మేలు చేద్దామని ఒక్క అక్షరం రాయబాక జాయిస్. గోడ ఏం చెప్తే అది రాయి. ఆ గోడల పక్కన మంచాలేసుకునేది ఢిల్లీ వాళ్ళు కాదు గదా.” భోజనం చేశావా అని అడిగి పెట్టేశారు.

మాస్టారికి తెలీదు. ఆ ఒక్క సంగతీ ఇప్పుడు రూఢి అయింది.  తెలియని మనిషినే ఈ దెబ్బ ఎక్కువ కొడుతుంది.

రత్నబాబు లారీ కాలనీ మొదట్లో ఆగిన చప్పుడైంది. సిమెంటు ఫ్యాక్టరీకి తిరిగే లారీ అది. మాస్టారి పునాదికి మొదటి లోడు దుమ్ము తెచ్చింది ఆ లారీయే, తోలింది ఆయనే. చర్చిలో సంఘ పెద్ద. మాస్టారు ఏ సభలో మాట్లాడినా, నా పేరులో సగం రత్నబాబు లారీది అని చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఈయన తల వంచుకుని చెప్పులకేసి చూసుకునేవాడు.

రత్నబాబు అరుగు మీద జాయిస్‌ని చూశాడు. ఆమె చేతిలో గాజు చూశాడు. తొట్టి దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఇంకేం చెయ్యడానికీ మిగల్లేదు గనక వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు.

“ఇది నేను అంటించింది కాదు బాబాయ్.”

“కాదు. నేను అంటించింది.”

ఆడవాళ్ళని లోపలికి పొమ్మన్నాడు. సూసన్ వెళ్ళింది. దేవమణి మాత్రం గుమ్మాన్ని పట్టుకుని నిలబడి, నేనెందుకు పోతా, బంక కలిపింది నేనే గదా అంది.

తరవాతదంతా రత్నబాబు పెళ్ళి పందిరి ఎట్లా వేశారో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఎండలు ముదురుతుండగా ఓ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే గోడ దగ్గర టప్పుమని చప్పుడైంది. బల్లి ఏదో పడగొట్టిందనుకున్నారు. లేచి చూస్తే గాజు రెండు ముక్కలు. వారం తిరక్కముందే పక్కింట్లో, ఆ పక్కింట్లో. చివరి వరస వాళ్ళంతా ప్రార్థన అయ్యాక కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరో ఒకరు మాస్టారికి చెప్పొద్దన్నారు, అందరూ సరేనన్నారు. జగ్గయ్యపేటలో ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో పాత మచ్చ కప్పేలా గాజు కోయించారు. సూసన్ చేతిరాత బాగుంటుందని తేదీలు ఆమె చేత వేయించారు. సున్నం సంగతి ఒక్కరికీ తట్టలేదు. సున్నం గుర్తుపెట్టుకునేదేముంది, గాలి ఉన్నట్టు అదీ ఉంటుంది.

“పిన్ని మంచం ఆ గోడకే ఉంది,” అంది జాయిస్. “వానలు పడితే ఆ బీట ఎంతవుద్దో తెలుసా నీకు?”

“గోడ పడితే మళ్ళీ లేపుకుంటాం తల్లీ. మనలోంచి ఒక మనిషి ఢిల్లీ దాకా లేవటానికి ఎన్ని తరాలు పట్టింది? ఆయన పేరు పడితే ఎవడు లేపుతాడు?”

 అది విని తల ఊపకుండా ఉండాలంటే జాయిస్ ఇంకెక్కడో పుట్టి ఉండాలి. మాస్టారి పేరు పేపర్లో పడిన రోజు తన అమ్మ ఆ పేపరు మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఆ పేరు తలకిందులైతే నవ్వేవాళ్ళు ఎవరో, ఏమని నవ్వుతారో ఆమెకి మాటలతో సహా తెలుసు. దుమ్ము మాస్టారి బతుకు దుమ్మే అంటారు.

అయినా చేతిలో గాజు చల్లబడలేదు.

“నీ గోడ, నీ ఇష్టం బాబాయ్. రేపు నా సంతకం చూసి ఊళ్ళ నిండా గోడలు లేపుతారు. వాటి పక్కన పడుకునే వాళ్ళని అడిగావా నువ్వు? నందిగామలో, కంచికచర్లలో, ఎవరో పిన్ని, ఎవరో సూసన్. వాళ్ళు ఒప్పుకున్నారా?”

దేవమణి గుమ్మం వదిలి కింద కూర్చుంది. రత్నబాబు తల వంచుకుని చెప్పులకేసి చూశాడు.

కోపం ఇంకా దిగకముందే జాయిస్ బుర్రలో వేరే ఆలోచన కదిలింది. ఆమె ఇంజినీరు, ఏడుపు వచ్చినా లెక్క ఆగదు. పొద్దుటి నుంచి చూసిన మూడు వరసలూ చెక్కుచెదరలేదు. అక్కడి పలకలు తను అంటించినవే. సున్నం చారలే అందుకు గుర్తు. అదే రేగడి, అదే వాన, అదే ఎండ. పద్ధతి తప్పయితే నాలుగు వరసలూ పగలాలి. చివరిది ఒక్కటే ఎందుకు పగిలింది?

ఆ మాటే అడిగింది. రత్నబాబు వినబడనట్టు తువ్వాలు దులుపుకున్నాడు. రెండోసారి అడిగింది. దేవమణి మొగుడికేసి చూసింది. ఆ చూపులో ఇది నాకూ చెప్పలేదే అన్న ప్రశ్న ఉంది. గాజుల సంగతి వరసంతటికీ తెలుసు. దీని సంగతి ఆయనకొక్కడికే తెలుసు.

ఆయన లేచి ఇంటి వెనక్కి నడిచాడు. జాయిస్ వెంట వెళ్ళింది. స్నానాల గది పక్కన, పునాదిని ఆనుకుని, ఒక రేకు నేల మీద బోర్లించి ఉంది. మీద రెండు ఇటుకలు. ఇటుకలు తీసి రేకు పక్కకి జరిపాడు. కింద మోకాటి లోతు గొయ్యి. పునాది కింది పొర కోసినట్టు కనిపిస్తోంది. గాజు పగిలిన మర్నాడే తవ్వి చూశానన్నాడు.

జాయిస్ గొయ్యిలోకి దిగి, ఆ పొరలోంచి గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. మాస్టారి దుమ్ము వేళ్ళకి పిండిలా అంటుకుంటుంది; తడి తగిలితే గట్టిపడి రాయవుతుంది. ఇది రవ్వలా జారిపోయింది. గరుగ్గా, బూడిదరంగులో, ఎండకి చిన్న చిన్న రాతి మెరుపులతో. ఇంకోచోట తీసింది. అక్కడా రవ్వే. క్వారీల దగ్గర కంకర కొట్టేటప్పుడు రాలే రాతిపొడి అది. ఇసక బదులు కాంక్రీటులో కలుపుతారు. రేగడిని పట్టి ఆపే శక్తి దానికి పుట్టుకతోనే లేదు.

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. గోడ చెప్పిన సాక్ష్యం నిజమే, కాకపోతే అది మాస్టారి మీద చెప్పింది కాదు. ఈ వరస మాస్టారి పునాది మీద లేనే లేదు. ఆయన పద్ధతి మూడు వరసల్లో నిలిచింది, అది వెయ్యని చోట ఇల్లు పగిలింది. ఢిల్లీ వాళ్ళకి ఇంతకంటే రుజువు ఏం కావాలి. ఈ గొయ్యి ఫొటో ఒక్కటి, చేతిలో మట్టి గుప్పెడు, జరిగింది చెప్పే మనిషి ఒకరు. అంతే. సాయంత్రం లోపు రిపోర్టు పోతుంది, అబద్ధం లేకుండా పోతుంది.

“ఇంత ఉంచుకుని నోరు మూసుకున్నావేంటి బాబాయ్,” అంది గొయ్యిలోంచే. “ఈ ముక్క ఆరోజే చెప్పుంటే మాస్టారికి మచ్చే లేదు గదా. ఈ పొడి ఎవరు తోలించారు? సతీష్‌బాబు గారేనా?”

రత్నబాబు గొయ్యి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. గుమ్మం వైపు ఒకసారి చూశాడు, దేవమణికి అంత దూరానికి వినబడదని చూసుకున్నాడు.

“ఆయన్ననమాక. పాపం తగుల్తది. తోలింది నేనే. అప్పుడు ఫ్యాక్టరీలో మరమ్మతని బట్టీ ఆపారు, దుమ్ము లేదు. మాస్టారు కంటి ఆపరేషన్ చేయించుకుని హైదరాబాదులో కళ్ళకి కట్టుతో ఉన్నారు. మేస్త్రీలు పారలు పట్టుకుని కూర్చున్నారు. అట్టాంటప్పుడు నాకు ఫోనొచ్చింది, చివరి వరసకి లోడ్లు తోలమని. నేను లారీ తీసుకుని పరిటాల వైపు పోయా. కంకర కొట్టే క్రషర్ల దగ్గర ఎత్తించుకొచ్చా. బట్టీ ఆగింది గనక మాస్టారే ఈ వరసకి మార్చారేమో అనుకున్నా. చదువుకున్నోళ్ళ లెక్క, నాకెందుకులే అనుకున్నా. ఈ గొయ్యి తవ్విందాకా నాకూ తెలవదు తల్లీ. తవ్వినాక అన్నం దిగలేదు. నోరు తెరిస్తే మాస్టారు బయటపడతారు, అది నాకు తెలవదా? కానీ తెరవంగానే ఎవడో ఒకడు అడుగుతాడు, ఎవరు తెమ్మన్నారు రత్నబాబూ అని. అబద్ధం ఆడలేను. నిజం చెప్పబుద్ధి కాలేదు. అందుకని గాజులు మార్చా. అదైతే తప్పంతా నా ఒక్కడి మీదే ఉంటదని మార్చా.”

“ఎవరు తెమ్మన్నారు?”

ఆయన చెయ్యి చాచి ఆమెని గొయ్యిలోంచి పైకి లాగాడు. లాగిన చెయ్యి వదల్లేదు.

“నీకప్పుడు పరీక్షలు. మాస్టారి బదులు విజయవాడ హాస్టల్లోంచి నువ్వే ఫోన్ చేసావు. థీసిస్ రాస్తన్నావు, నోటి నిండా ఇంగ్లీషే, మాకెంత మురిపెంగా ఉండేదో. ఇక్కడ ఏ మేస్త్రీనన్నా అడుగు, ఏ లారీ వాణ్ణన్నా అడుగు, ఆ మాటకి క్రషర్ పొడే పోస్తాడు. నేనూ అదే పోసా. దుమ్ము అనలేదమ్మా నువ్వు. డస్ట్ అన్నావు.”